ఐసీయూలో నాలుగేళ్లు అయ్యాయి, ఇప్పుడు ఎంఎస్సీ నర్సింగ్ చేస్తే ఉపయోగం ఉంటుందా?

నైట్‌డ్యూటీ_నాగ

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. బీఎస్సీ నర్సింగ్ 62 శాతంతో పాసయ్యాను. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. అన్ని కోతలూ పోను చేతికి 26 వేలు. వయసు 28. బాబుకి రెండేళ్లు. మా ఆయన "చదువుతానంటే చదువు, రెండేళ్లు ఎలాగోలా లాగుదాం" అంటున్నారు. అత్తయ్య "చదివింది చాల్లేదా, పిల్లాణ్ణి ఎవరు చూస్తారు" అంటోంది. చూడాల్సింది ఆవిడే కాబట్టి ఆవిడ మాటనూ తీసిపారేయలేను.

నాకు ఎంఎస్సీ చేయాలని ఎప్పటినుంచో ఉంది. కానీ మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఎంఎస్సీ చేసి వచ్చినావిడే. ఆమెకూ నాకూ జీతంలో తేడా మూడు వేలు. "నువ్వు చేయకు" అని ఆవిడే చెబుతోంది. మరి చేసినవాళ్లంతా ఎక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారు?

ఇంకో సంగతి. నిన్న ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేశారు. పక్క రాష్ట్రంలో కాలేజీ అట, రోజూ వెళ్లక్కర్లేదట, పరీక్షలకు వెళ్తే చాలట. ఉద్యోగం మానకుండా డిగ్రీ వచ్చేస్తుందన్నారు. నిజం చెప్పాలంటే మనసు లాగింది.

బ్రదర్_ఓరుగల్లు

సిస్టర్, నేను ఎంఎస్సీ చేసినవాణ్ణే. మెడికల్ సర్జికల్. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సింగ్ ఆఫీసర్‌ని. ఈ ఉద్యోగం రావడానికి నా ఎంఎస్సీ ఒక్క మార్కు కూడా తేలేదు. తెలంగాణలో మెడికల్ బోర్డు పెట్టిన పరీక్షలో రాత పరీక్షకు 80 మార్కులు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20. నా పక్క బెడ్లు చూసే అమ్మాయి జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా. ఇద్దరిదీ ఒకటే స్కేలు, 36,750తో మొదలు. ఆ అమ్మాయి నాకన్నా ముందు చేరింది కాబట్టి నాకు సీనియర్ కూడా!

ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్‌కూ అంతే. బీఎస్సీ చాలు. జీఎన్ఎం వాళ్లైతే 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం చూపించాలి. ఎంఎస్సీ అడగరు. కేంద్ర వేతన స్కేల్లో లెవెల్ 7, అంటే మూల వేతనమే 44,900. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లకూ ఆ పరీక్షతోనే తీసుకుంటున్నారు. కాకపోతే జనరల్‌కు 30 ఏళ్లే గరిష్ఠ వయసు, ఓబీసీకి 33, ఎస్సీ ఎస్టీలకు 35. మీకు 28 అంటున్నారు. ఎంఎస్సీలో చేరితే బయటికొచ్చేసరికి ఎంత అవుతుందో లెక్క వేసుకోండి. పైగా అక్కడ 80 శాతం పోస్టులు ఆడవాళ్లకే. మాలాంటి బ్రదర్స్‌కి ఆ అదృష్టం లేదు, మీకు ఉంది. వాడుకోండి.

చాక్‌పీస్_మేడమ్

బ్రదర్ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ ఆయన ఒక గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడుతున్నారు. బెడ్ దగ్గర ఉద్యోగానికి ఎంఎస్సీ అక్కర్లేదు, నిజమే. పాఠం చెప్పే ఉద్యోగంలో మాత్రం అది లేకపోతే ట్యూటర్ దగ్గరే ఆగిపోతారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎంఎస్సీ ఉండాల్సిందే. ప్రిన్సిపాల్ కుర్చీకి ఎంఎస్సీతో పాటు మొత్తం 15 ఏళ్ల అనుభవం కావాలి, అందులో ఎక్కువ భాగం బోధన. నేను గుంటూరు వైపు ఒక కాలేజీలో ఈ మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కుతున్నాను. నా మొదటి జీతం 14 వేలు, అదీ చెప్పేస్తున్నాను.

ఇక ఆ కన్సల్టెన్సీ ఫోన్. నాగమ్మా, ఆ నంబర్ బ్లాక్ చేయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ పుస్తకంలో ఉన్న మాట చెబుతాను: ప్రతి సబ్జెక్టులో థియరీకి, ప్రాక్టికల్‌కు 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వకూడదు. డిగ్రీ చేతికిచ్చే ముందు ప్రాక్టికల్ గంటలు నూటికి నూరు పూర్తి కావాలి. రోజూ వెళ్లక్కర్లేదు అన్నారంటే ఎవరో ఎక్కడో నీ పేరు మీద సంతకాలు పెడుతున్నారన్నమాట. అదే రెండేళ్లు నువ్వు హైదరాబాద్ ఆసుపత్రిలో డ్యూటీ చేసినట్టు పీఎఫ్ రికార్డు ఉంటుంది. రేపు ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే?

దూరవిద్య ఎంఎస్సీ అని కూడా కొందరు అమ్ముతుంటారు. ఎంఎస్సీ నర్సింగ్‌కు దూరవిద్యను కౌన్సిల్ గుర్తించదు.

పాత_రిజిస్టర్

నేను రిటైర్డ్ నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. జీఎన్ఎంతో మొదలుపెట్టి, పెళ్లయ్యాక పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అంటే జీఎన్ఎం వాళ్లు తర్వాత చేసే బీఎస్సీ, చేశాను. మా రోజుల్లో నర్సింగ్‌లో మాస్టర్స్ అంటే ఢిల్లీ రాజకుమారి అమృత్‌కౌర్ కాలేజీ పేరే వినపడేది. 1959లో దేశంలో మొదట అక్కడే పెట్టారు. మా హాస్టల్లో ఒకమ్మాయికి అక్కడ సీటు వస్తే చూడ్డానికి పక్క వార్డుల వాళ్లు కూడా వచ్చారు, పెళ్లికూతుర్ని చూసినట్టు. ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా కాలేజీ బోర్డే.

తల్లీ నాగా, ఒక్కటే అడుగుతాను. ఐసీయూలో కొత్తగా వచ్చిన పిల్లలకి నువ్వు పని నేర్పుతావు కదా, అప్పుడు విసుగొస్తుందా, సరదాగా ఉంటుందా?

నైట్‌డ్యూటీ_నాగ

సరదాగానే ఉంటుంది అమ్మా. మొన్న కొత్తగా చేరిన అమ్మాయికి ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష) రిపోర్టు చదవడం నేర్పించాను, టిష్యూ పేపర్ మీద గీతలు గీసి. ఆ పేపర్ మడిచి ఫోన్ కవర్లో పెట్టుకుంది. రెండు రోజులు అదే సంతోషం నాకు.

కొత్తబ్యాచ్

మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను బీఎస్సీ నాలుగో సంవత్సరం. అయిపోగానే నేరుగా ఎంఎస్సీలో చేరొచ్చా? గ్యాప్ వస్తే ఇంట్లో పెళ్లి చేసేస్తారు, అదీ నా టెన్షన్.

చాక్‌పీస్_మేడమ్

కౌన్సిల్ నియమం ప్రకారం బీఎస్సీ తర్వాత ఏడాది ఉద్యోగ అనుభవం కావాలి. పోస్ట్ బేసిక్ చేసినవాళ్లకి ఆ ఏడాది ముందున్నా పర్లేదు, తర్వాతున్నా పర్లేదు. మార్కులు మొత్తం మీద 55 శాతం, ఎస్సీ ఎస్టీలకు 5 శాతం సడలింపు. స్టేట్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెళ్లి సంగతికి నర్సింగ్ కౌన్సిల్ దగ్గర నియమం ఏమీ లేదమ్మా, అది నువ్వే చూసుకోవాలి.

నా మాటగా ఇంకొకటి. ఏడాది కాదు, రెండేళ్లు వార్డులో ఉండి రా. నేరుగా వచ్చినవాళ్లు స్టూడెంట్లని క్లినికల్‌కి తీసుకెళ్లినప్పుడు వార్డు సిస్టర్ ముందు బిక్కమొహం వేస్తారు. నేను చూశాను.

ఎర్రగడ్డ_రోడ్డు

నేను సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎంఎస్సీ చేశాను, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో. సీటు వచ్చిందంటే మా నాన్న "పిచ్చాసుపత్రిలో చదువేమిటి" అని వారం రోజులు మాట్లాడలేదు. ఎంఎస్సీలో బ్రాంచిలు ఐదు: మెడికల్ సర్జికల్, ఓబీజీ (కాన్పులు, స్త్రీల వ్యాధులు), పీడియాట్రిక్, సైకియాట్రిక్, కమ్యూనిటీ. నూటికి తొంభై మంది మెడికల్ సర్జికల్, లేదంటే ఓబీజీ అడుగుతారు. సైకియాట్రీ మిగిలిపోతే తీసుకుంటారు. నేను కావాలని తీసుకున్నాను.

మన దగ్గర ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రులకు పోస్టింగులకు వచ్చే పీజీలను చూస్తే మొదటి వారంలోనే తెలిసిపోతుంది, ఎవరు ఇష్టపడి వచ్చారో, ఎవరు ర్యాంకు రాక వచ్చారో. ఇష్టపడి వచ్చినవాళ్లు కూర్చుని వింటారు. మిగతావాళ్లు కేస్ స్టడీ ఫార్మాట్ నింపి లేచిపోతారు.

ఉద్యోగాల విషయానికొస్తే, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో సైకియాట్రిక్ నర్సు ఉండాలని ఉంది. 2022లో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 మొదలయ్యాక ఈ రంగం గురించి బయటి జనానికి కూడా కాస్త తెలిసింది. డీ అడిక్షన్ సెంటర్లు పెరిగాయి. డబ్బు పరంగా మరీ గొప్పగా లేదు, కానీ పోటీ తక్కువ.

నాగ గారూ, మీరు ఐసీయూ మనిషి. మీకు ఇది నప్పదనే నా అనుమానం. మానిటర్ లేకుండా పేషెంట్‌తో గంటసేపు కూర్చోగలరా?

విలేజ్‌క్లినిక్_సిక్కోలు

నేను శ్రీకాకుళం జిల్లాలో ఎంఎల్‌హెచ్‌పీని, అంటే ఊళ్లో విలేజ్ క్లినిక్ చూసుకునేదాన్ని. బీఎస్సీతోనే వచ్చాను. బీపీలు, షుగర్లు, గర్భిణులు, పాము కాటు, ఉద్దానం వైపైతే కిడ్నీ కేసులు. ఇక్కడ నాకు పైన డాక్టరు ఫోన్లో ఉంటాడు, పక్కన ఆశ అక్క ఉంటుంది, అంతే. కమ్యూనిటీ హెల్త్ బ్రాంచి అంటే నా బ్యాచ్ వాళ్లు నవ్వేవాళ్లు, "సర్వేలు చేసుకుంటూ తిరుగుతావా" అని. ఇప్పుడు ఆ సర్వేలే నా ఉద్యోగం. ఎంఎస్సీ కమ్యూనిటీ చేయాలని నాకూ ఉంది. కాంట్రాక్టు ఉద్యోగం, సెలవు పెట్టి చదివే వీలు లేదు. మానేస్తే మళ్లీ వస్తుందో రాదో. అదీ నా బాధ.

బ్రదర్_ఓరుగల్లు

థీసిస్ గురించి ఎవరూ చెప్పరేంటి? అసలు సినిమా అదే కదా.

మా బ్యాచ్‌లో 16 మందిమి. 13 మంది టైటిళ్లు ఇలా ఉండేవి: ఫలానా విషయం మీద, ఫలానా ఊళ్లో, ఫలానా వాళ్ల జ్ఞానంపై 'స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్' ప్రభావం. మొదటి రోజు ప్రశ్నపత్రం ఇస్తాం, 40 నిమిషాలు చార్టులు చూపించి చెబుతాం, వారం తర్వాత అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇస్తాం. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏం చేస్తాయి? పెయిర్డ్ టీ టెస్టు, కై స్క్వేర్ అని లెక్కలు వేసి, సిగ్నిఫికెంట్ (తేడా యాదృచ్ఛికం కాదు) అని రాసి బైండింగ్‌కి ఇచ్చేయడమే. నాది డయాబెటిక్ ఫుట్ మీద. 60 మంది శాంపిల్. ఒక పెద్దాయన రెండోసారి వెళ్లినప్పుడు "మొన్న రాసింది మళ్లీ ఎందుకు, అప్పుడు తప్పు రాశానా" అని అడిగాడు. ఆయనకు అర్థమైంది, మా గైడ్‌కి అర్థం కాలేదు.

చాక్‌పీస్_మేడమ్

నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ బ్రదర్, మీరు చెప్పింది సగమే. టైటిల్ అనుకోవడం, సినాప్సిస్ రాయడం, టూల్ (ప్రశ్నపత్రం లాంటిది) తయారు చేసి అది సరిగ్గా ఉందని ఐదారుగురు నిపుణుల దగ్గర వాలిడిటీ సంతకాలు తెచ్చుకోవడం, ఎథిక్స్ కమిటీ, పర్మిషన్ లెటర్ పట్టుకుని డీఎంహెచ్ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసు ముందు కూర్చోవడం, పైలట్ స్టడీ, తర్వాతే మెయిన్ స్టడీ. ఒక పని మొదటి నుంచి చివరిదాకా సొంతంగా లాక్కురావడం చాలామందికి అదే మొదటిసారి. టాపిక్ పాతదైనా ఆ శ్రమ పాతది కాదు.

ఈ స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్‌ల వెల్లువకు మా తప్పూ ఉంది. గైడ్లుగా మేమే "సేఫ్ టాపిక్ తీసుకో, టైముకి అయిపోతుంది" అంటాం. నేనూ అన్నాను. కిందటేడాది ఒక స్టూడెంట్ మాత్రం మొండికేసింది. ఐసీయూలో ట్యూబ్ ఉన్న పేషెంట్లకు నోరు శుభ్రం చేసే పద్ధతులు పోలుస్తానంది. మూడు నెలలు రాత్రీ పగలూ పరిగెత్తింది. ఫలితం సిగ్నిఫికెంట్ రాలేదు. ఏడ్చింది. వైవాలో ఎక్స్‌టర్నల్ మేడమ్ ఆ ఒక్క థీసిస్ గురించే 25 నిమిషాలు కూర్చుని మాట్లాడారు.

నాగా, చేస్తే అలాంటిది చెయ్యి. నీ దగ్గర నాలుగేళ్ల ఐసీయూ ఉంది. చెయ్యి కడుక్కోవడం, ప్రెజర్ సోర్లు, అలారాలు, ఏది తీసుకున్నా నీకు తెలిసినంత నాకు తెలియదు.

రెసిడెంట్_సిస్టర్

ఐసీయూ అన్నారు కాబట్టి చెబుతున్నా. మామూలు ఎంఎస్సీ కాకుండా నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అని రెండేళ్ల పీజీ రెసిడెన్సీ ఉంది, కౌన్సిల్‌దే. ఏడాది క్లినికల్ అనుభవం కావాలి, ఐసీయూ అయితే ఇంకా మంచిది. క్లాసులు తక్కువ, వార్డు ఎక్కువ. ఫార్మకాలజీ, అసెస్‌మెంట్ గట్టిగా చెబుతారు. నేను చేశాను, చదువుగా చూస్తే నా జీవితంలో బెస్ట్ రెండేళ్లు.

ఇక చేదు మాట. చదివి బయటికొచ్చాక ఆ పేరుతో పోస్టు ఉన్న ఆసుపత్రి వెతుక్కోవాలి. నేను చేరినచోట హెచ్ఆర్ వాళ్లు నా డిగ్రీ చూసి "అంటే సీనియర్ స్టాఫ్ నర్సు కదా" అన్నారు. ఇప్పటికీ ఐడీ కార్డు మీద అదే ఉంది.

రెండేళ్లు ఇవ్వలేనివాళ్లకు ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు కూడా ఉన్నాయి: క్రిటికల్ కేర్, ఆంకాలజీ, ఆపరేషన్ రూమ్ లాంటివి. ఓబీజీ ఇష్టమున్నవాళ్లు మిడ్‌వైఫరీ శిక్షణ గురించి కూడా కనుక్కోండి. 2017లో తెలంగాణలో కరీంనగర్‌లో మొదలుపెట్టారు, 18 నెలలది. అక్కడ నేర్చుకున్నవాళ్లు కాన్పు గదిలో నిలబడే తీరే వేరు.

లీడ్స్_లక్ష్మి

యూకే నుంచి. ఇక్కడికి రావడానికి ఎంఎస్సీ అవసరం లేదు. ఐఈఎల్‌టీఎస్‌లో 7, రైటింగ్‌లో 6.5, లేదా ఓఈటీ (వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష)లో బీ, రైటింగ్‌లో సీ ప్లస్. తర్వాత సీబీటీ (కంప్యూటర్ మీద పరీక్ష), ఇక్కడికొచ్చాక ఓస్కీ (ప్రాక్టికల్ పరీక్ష). ఎంఎస్సీ ఉన్నా లేకున్నా మొదట బ్యాండ్ 5లోనే, అంటే నర్సుల మొదటి జీతం మెట్టులోనే వేస్తారు. నాతో వచ్చిన కేరళ అమ్మాయికి ఎంఎస్సీ ఉంది, ఇద్దరం ఒకటే జీతంతో మొదలుపెట్టాం. రెండేళ్లకు ఆమె నర్సులకు పని నేర్పే ప్రాక్టీస్ ఎడ్యుకేటర్‌గా వెళ్లిపోయింది. నేను ఇంకా వార్డులోనే. అంటే పనికొచ్చింది, కానీ ఆలస్యంగా.

ఒక హెచ్చరిక. ఇక్కడి యూనివర్సిటీల్లో ఏడాది ఎంఎస్సీ నర్సింగ్ అని ఏజెంట్లు పంపిస్తుంటారు. అలాంటివి చాలావరకు చదువు మాత్రమే, అది పూర్తి చేసినంత మాత్రాన నర్సు రిజిస్ట్రేషన్ రాదు. 2024 జనవరి నుంచి ఆ కోర్సులకు వచ్చేవాళ్లు భర్తనూ పిల్లల్నీ డిపెండెంట్లుగా తెచ్చుకోవడానికి కూడా లేదు. రెండేళ్ల బాబున్న తల్లి ముందు ఇది చూసుకోవాలి.

జర్మనీ అంటే భాష. టామ్‌కామ్ (తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ) వాళ్లు శిక్షణ ఇస్తున్నారు, మా పెద్దమ్మ కూతురు అందులో ఉంది. రోజంతా జర్మన్‌లోనే కలవరిస్తోందట.

బ్రదర్_ఓరుగల్లు

మేడమ్, ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. మీ కాలేజీల్లో ఎంఎస్సీ చేసినవాళ్లకి ఇచ్చే జీతం ఎంత? నా క్లాస్‌మేట్ ఒకతను ఒక కాలేజీలో ట్యూటర్‌గా 16 వేలకు చేశాడు. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు మాత్రం అప్పటిదాకా మొహం చూడని అసోసియేట్ ప్రొఫెసర్లు కార్లు దిగేవారట. కాగితం మీద ఫ్యాకల్టీ, క్లాసులో ఈ 16 వేల వాడు.

చాక్‌పీస్_మేడమ్

కోపం ఎందుకు, ఉన్న మాటే. అలాంటి ఆఫర్ నాకూ వచ్చింది. ఏడాదికి రెండు రోజులు వచ్చి కూర్చుంటే చాలు, సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచండి అన్నారు. వెళ్లలేదు. ఇప్పుడు నర్సులందరికీ కౌన్సిల్ ట్రాకింగ్ నంబర్ ఇస్తోంది, రెండు చోట్ల ఉండటం మునుపటంత తేలిక కాదు. అయినా జరగడం లేదని చెప్పను.

జీతాల సంగతికి మొత్తం ఆసుపత్రులదీ అదే కథ. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక వేసిన నిపుణుల కమిటీ 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు 20 వేలకు తగ్గకూడదంది. 200 పడకలు దాటితే ప్రభుత్వంతో సమానంగా ఇవ్వమంది. నాగ చేసేది ఎన్ని పడకల ఆసుపత్రో అడగండి. చేతికి వచ్చేది 26 వేలు.

నైట్‌డ్యూటీ_నాగ

350 పడకలు మేడమ్. 😐

పాత_రిజిస్టర్

ప్రభుత్వ సర్వీసులో ఉన్న పిల్లలు ఇది చదువుతుంటే ఒక మాట. ఇన్‌సర్వీస్ కోటా, డిప్యుటేషన్ ఉంటే ముందు దాన్నే అడగండి. జీతం వస్తుండగా చదవడం వేరు, మెడలో గొలుసు కుదువపెట్టి చదవడం వేరు. ఆ ఫైలు కదలడానికి నేను మూడుసార్లు డైరెక్టరేట్ మెట్లు ఎక్కాను. మూడోసారి చేతిలో టిఫిన్ బాక్స్ కూడా పట్టుకెళ్లాను, సాయంత్రం దాకా కదలనని.

నైట్‌డ్యూటీ_నాగ

నెల రోజుల తర్వాత వస్తున్నాను. జవాబులన్నీ మా ఆయనకీ అత్తయ్యకీ కూడా చదివి వినిపించాను. అత్తయ్యకి టిఫిన్ బాక్స్ సంగతి బాగా నచ్చింది.

కన్సల్టెన్సీ వాళ్లకి వద్దని చెప్పేశాను. ఈ ఏడాది నార్సెట్ ఒకసారి గట్టిగా రాస్తాను, వయసు ఉన్నప్పుడే. దాంతోపాటు కాళోజీ యూనివర్సిటీ ఎంఎస్సీ నోటిఫికేషన్‌కీ అప్లై చేస్తాను. నార్సెట్ వస్తే అటు, రాకపోతే మెడికల్ సర్జికల్ క్రిటికల్ కేర్. పాఠం చెప్పడమే నాకు ఇష్టమని ఆ టిష్యూ పేపర్ గురించి రాసినప్పుడే తెలిసింది. కానీ బాబు స్కూలు ఫీజు కూడా ఉంది కదా. బ్రదర్, రెండు పడవల మీద కాళ్లు అంటారేమో, అననీయండి.

ఇప్పుడు అసలు చిక్కు. అనుభవ సర్టిఫికెట్ అడిగితే మా హెచ్ఆర్ వాళ్లు "మానేసేవాళ్లకే ఇస్తాం" అంటున్నారు. నేను ఇంకా మానలేదు కదా. అప్లికేషన్‌తో ఏం జతచేయాలి?

ఎర్రగడ్డ_రోడ్డు

నాకూ ఇదే అయింది. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అని అడగకండి, ఆ మాట వింటే వాళ్లకి రాజీనామా వాసన వస్తుంది. సర్వీస్ సర్టిఫికెట్ కావాలి, ఫలానా తేదీ నుంచి ఇప్పటివరకు పనిచేస్తున్నారు అని రాసివ్వండి అని నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా లెటర్ పెట్టండి. బ్యాంకు లోనుకి కూడా అలాంటిదే ఇస్తారు.

చాక్‌పీస్_మేడమ్

అవును. అందులో స్టాఫ్ నర్సు అనే హోదా, వార్డు పేరు, పడకల సంఖ్య, చేరిన తేదీ స్పష్టంగా ఉండాలి. లెటర్‌హెడ్, సీలు, సంతకం. చేరిన తేదీ నీ రిజిస్ట్రేషన్ తేదీ కన్నా ముందు పడకుండా చూసుకో, చాలామందిని వెరిఫికేషన్‌లో ఆపేది అక్కడే.

నైట్‌డ్యూటీ_నాగ

ఇప్పుడే తీసి చూశాను మేడమ్. రిజిస్ట్రేషన్ జూన్ 11. ఆఫర్ లెటర్ మీద చేరిన తేదీ జూన్ 3. మొదటి వారం ట్రైనింగ్ అన్నారు అప్పుడు.

చాక్‌పీస్_మేడమ్

నీకు నాలుగేళ్లున్నాయి కాబట్టి ఆ వారం పోయినా నష్టం లేదు. స్టాఫ్ నర్సుగా జూన్ 11 నుంచి అని రాయించుకో. రేపు డ్యూటీ దిగగానే వెళ్లు, ఉదయం పూట వాళ్ల మూడ్ బాగుంటుంది.